నెత్తిమీద గుడ్డ

మొదట లైటు పక్కన చిన్న బుడగ.
ఎండకు లేచిందిలే, దానికదే అణుగుతాదిలే అనుకున్నా.
ఆడికృత్తిక దాటేసరికి
వెనక సీటు మీద ముసలెద్దు గంగడోలు మాదిరి
వేలాడతా ఉండాది.

గుండుపిన్నులు గుచ్చినా. నాలుగు దినాలు.
చెంగమ్మ జడపిన్నులు గుచ్చినా.
ఘాట్ రోడ్డు మలుపులో అవి
ఎవరో పెద్దాయన ఒళ్ళో రాలినాయి.
ఆయన ఒక్కొక్కటీ ఏరి నా చేతికిచ్చి,
"మీ ఇంటావిడవా నాయనా?" అన్నాడు.

తప్పు గుడ్డది కాదు, దాని వెనక స్పాంజిది.
పదిహేను ఎండాకాలాలు తిని పిండైపోయింది.
కొండ దిగొచ్చే గుండ్ల మీద,
ఇంకా తడారని గంధం మీద,
పచ్చగా, సన్నగా రాలతా ఉండేది.
వాళ్ళు తుడుచుకుంటా ఉంటే
నేను అద్దంలో నుంచి చూపు తిప్పుకునేవాణ్ణి.

ఆటోనగర్లో దస్తగిరి అయిదున్నర వేలన్నాడు.
రెండు దినాలు బండి వదిలిపెట్టాలన్నాడు.
"జాకెట్టుకు లైనింగు వేసినట్టే కదా"
అనింది చెంగమ్మ, నోట్లో దారం కొరకతా.

గ్రహణం దినం. కొండమీద తలుపులేసినారు,
కింద మాకు బాడుగల్లేవు.
కొర్లగుంట సందులో బండి నిలబెట్టి
పట్టుకునే పిడులు, ఎండతెరలు, లైటు
అన్నీ విప్పి చాటలో పోసినా.
తలుపు రబ్బరు చచ్చిన పాము మాదిరి ఊడొచ్చింది.
వెనక తలుపులో నుంచి అట్టను
నేను తోసి, చెంగమ్మ పట్టి,
అట్లా ఇట్లా తిప్పి బయటికి తీస్తిమి.
ఒక మూల విరిగింది.

"గ్రహణం పూట కత్తెర పడతారా ఎవరైనా?"
పక్కింటి కుప్పాయమ్మ గోడమీద నుంచి.
"మా ఇంట్లో కడుపుతో ఉండేది బండి ఒకటేలే అత్తా!"

బట్టల బ్రష్షుతో రుద్దితే
స్పాంజి పొగై లేచింది.
మా ఇద్దరి కనుబొమ్మలూ పచ్చబడినాయి.
పైకప్పు లేని బండిలోకి తొంగి చూస్తే
ఉత్త రేకు.
ఇన్నేండ్లూ ఈ పెనం కిందనేనా కూచున్నాం?

గాంధీ రోడ్డులో తెచ్చిన బూడిదరంగు గుడ్డ.
గమ్ము దండిగా పూసి
ఈ చివర అంటించి ఆ చివర లాగినా.
లాగే కొద్దీ నడిమధ్య గుంట కాడ లేస్తాది.
లేచిన చోట ఇంకా పూస్తి.
గమ్ము గుడ్డలో నుంచి తేలి
కొత్త జిల్లాల పటం మాదిరి మరకలు.

చెంగమ్మ ఏమీ అనలా.
బీరువా తీసి ఇంకొక మడత తెచ్చింది.
నాకిచ్చింది సగం గుడ్డేనని
అప్పుడు తెలిసింది నాకు.

అట్ట మళ్ళీ గీకి, ఆరబెట్టి,
గుడ్డను బొటనవేళ్ళ మధ్య
ఇట్ల లాగింది, అట్ల లాగింది.
"సాగే పక్క ఒకటుంటాది, సాగని పక్క ఒకటుంటాది.
చూడకుండా అంటిస్తే చంకకాడ బిగిసిపోదా?"
బండికి చంక యాడుందో నేనడగలా.

గమ్ము పల్చగా, రెండు పక్కలా.
వేలికి అంటుకోనంత వరకూ ఆగాల,
అప్పుడే గుడ్డకు అంటుకుంటాది.
ఆ పది నిమిషాలు
ఇద్దరం మెట్టు మీద కూచోని
గోళ్ళలో గమ్ము గిల్లుకుంటిమి.

"లాగబాకు. నొక్కు.
నడిమధ్య నుంచి అంచుకు పో."
ఆ పక్క నుంచి ఆమె అరచెయ్యి,
ఈ పక్క నుంచి నాది,
లైటుకు కోసిన బెజ్జం కాడ తగులుకున్నాయి.
ఆమెది నాకంటే గరుకుగా ఉండాది.

కుప్పాయమ్మ ఇంట్లో విడుపు స్నానం నీళ్ళ చప్పుడయ్యేసరికి
అట్ట బండిలోకెక్కింది.
ఒక ముడత మిగిలింది,
ఎడమ పక్క, విరిగిన మూల కాడ.
చెంగమ్మ రాత్రి రెండుసార్లు లేచి
టార్చి వేసి చూసొచ్చింది.

తెల్లారి సేలం వాళ్ళు.
దిగేటప్పుడు వాళ్ళ పిల్లోడు
కొత్త గుండుతో అమ్మ ఒళ్ళో వెల్లకిలా పండుకోని
మలుపు మలుపుకూ వేలెత్తి
ఆ ముడతను గాల్లో గీస్తా వచ్చినాడు.
గంధం మీద ఏమీ రాలలా.

బండి నడిపేవాడికి
పైకప్పు కనపడదు.
అద్దం కొంచెం పైకెత్తినా.
వెనక బస్సువాడు
హారను కొట్టేదాకా చూస్తానే ఉండినా.